ఒక తాడు, నాలుగు పాఠాలు

 

మా రోజుల్లో పదో తరగతి లెక్కలకు రెండు పేపర్లు. బీజగణితం ఒకరోజు, రేఖాగణితం మరోరోజు. ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం చాలామందికి తెలియకుండానే బడి దాటేశాం.

పిల్లలకు 24 మీటర్ల తాడిచ్చి, మైదానంలో దీర్ఘచతురస్రాలు వేయమనండి. పొడవు, వెడల్పు 10, 2 అయితే వైశాల్యం 20. 8, 4 అయితే 32. 6, 6 అయితే 36. ఇది అంకగణితం. పొడవు ఎక్స్ అనుకుంటే వైశాల్యం ఎక్స్(12 − ఎక్స్). ఇది బీజగణితం. గ్రాఫు గీస్తే పరావలయం. దాని శిఖరం దగ్గర దొరికేది చతురస్రం. అదే రేఖాగణితం.

సూత్రం మరిచిన పిల్లవాడు తాడును తలచుకుని దాన్ని మళ్లీ రాబట్టుకోగలడు. లెక్కలు రావని వెనక బెంచీ చేరినవాడికీ ఇక్కడ పని దొరుకుతుంది.

వారానికి ఒక్క పీరియడైనా ఇలా కలిపి చెప్పమని ఉపాధ్యాయులకు మనవి. తాళ్లు, టేపులు మనం కొనిద్దాం. సెలవు.