నాన్నగారు ఫోనుకి కన్ను కొట్టిన రోజు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఢిల్లీలో జరిగిన తెలుగు విశ్రాంత ఉద్యోగుల ఆత్మీయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

వయసు మీద పడ్డాక రోజులెలా గడుస్తాయో సరదాగా నాలుగు మాటలు చెప్పమన్నారు. నలభై ఆరేళ్లవాణ్ణి మీ ముందు ఆ సంగతి మాట్లాడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా నాకూ కొంత అర్హత వచ్చింది. చత్వారం వచ్చి రెండేళ్లయింది. నలభై దాటాక వస్తుంది కాబట్టే దానికా పేరు. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు. ఇప్పుడు ఓచరు మీద అంకెలు కనపడాలంటే చెయ్యి ముందుకు చాచుకుంటూ పోవాలి. "చెయ్యి చాలకపోతే చెప్పరా, అటు చివర నేను పట్టుకుంటాను" అంటుంది మా అమ్మ.

అమ్మా, నాన్నగారూ కిందటేడు సంక్రాంతి వెళ్లాక తెనాలి నుంచి నోయిడాలో మా ఇంటికి వచ్చేశారు. అమ్మ నెల్లాళ్లలో సర్దుకుంది. సొరకాయ ఇక్కడ ఘియా అనీ, బీరకాయ తోరీ అనీ, దొండకాయ కుందరూ అనీ నేర్చుకుంది. వ్యాకరణం జోలికి మాత్రం పోలేదు. "భయ్యా, ఘియా లేతది హై క్యా?" అంటుంది. బండివాడు గోరుతో గిచ్చి చూపిస్తాడు. బేరం కుదురుతుంది.

నాన్నగారికే కష్టమైంది. ఆయనకు 78 ఏళ్లు. తపాలా శాఖలో 38 ఏళ్లు పనిచేసి 2007లో సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. మాది పదకొండో అంతస్తు. వచ్చిన ఉత్తరాలు కింద సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతాయి. పేరు పెట్టి పిలిచే పోస్టుమాన్ లేడు. రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారని వార్త చదివిన రోజు మా ఇంట్లో సంతాప సభ ఒక్కటే తక్కువ.

ఇక అసలు విషయానికి వస్తాను. కిందటేడు నవంబరు వచ్చింది. నవంబరంటే ఏమిటో ఇక్కడున్న పెద్దలకు చెప్పక్కర్లేదు. బతికే ఉన్నామని రుజువు చూపించుకునే నెల. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేస్తే సరిపోతోంది. కానీ నాన్నగారి వేళ్లు అరిగిపోయాయి. నోట్లు లెక్కపెట్టి, తేదీ ముద్రలు కొట్టిన వేళ్లు కదా. మనియార్డర్లు చేతికిస్తూ ఊళ్లో ఎందరి వేలిముద్రలో తీసుకున్న మనిషి వేలిముద్రను యంత్రం ఒప్పుకోలేదు. 2021 నుంచి ముఖం చూపించినా చాలంటున్నారు. ఇంట్లోనే ఫోను ఎదురుగా పెట్టి, "నాన్నగారూ, ఒకసారి కళ్లు ఆర్పండి" అన్నాను.

"ముప్ఫై ఎనిమిదేళ్లు ఊరందరి సంతకాలూ సరిచూసినవాణ్ణి. ఇప్పుడు బతికున్నానని ఫోనుకి కన్ను కొట్టాలిట్రా?" అన్నారు.

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "కొట్టండి, కొట్టండి. నాకెలాగూ ఒక్కసారీ కొట్టలేదు."

రెండు నిమిషాల్లో పని అయిపోయింది. బ్యాంకు ఆఫీసరు కొడుకు ఉంటే ఎంత సుఖమో చూశారా అని నాలో నేనే మురిసిపోయాను. నాన్నగారు మాత్రం నాలుగు రోజులు ముభావంగా ఉన్నారు. అమ్మనడిగితే అప్పుడు చెప్పింది. "నువ్వు రెండు నిమిషాల్లో ముగించింది ఆయనకు ఏడాదికోసారి వచ్చే పండగరా."

తెనాలిలో నవంబరు మొదటి వారంలో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని బ్యాంకుకు వెళ్లేవారట. పాత స్నేహితులంతా అక్కడికే వచ్చేవారు. ఫారానికి ఐదు నిమిషాలు, కబుర్లకు మూడు గంటలు. తర్వాత హోటల్లో ఉప్మా పెసరట్టు. ఈసారి ఎవరు రాలేదో లెక్క చూసుకుని, రానివాళ్ల ఇళ్లకు సాయంత్రం వెళ్లి పలకరించేవారు. బ్యాంకు అడిగింది ఆయనొక్కరి బతుకు. ఆయన అందరి బతుకూ కనుక్కుని ఇంటికి వచ్చేవారు. ఇరవై ఏళ్లకు పైగా ఇదే ఉద్యోగంలో ఉన్న నాకు ఆ సంగతి తెలియలేదు.

అందుకే ఈ నవంబరులో సెలవు పెట్టి, బ్లూ లైన్ మెట్రోలో ఆయన్ను తీసుకెళ్లాను. ఒకమ్మాయి లేచి నాన్నగారికి సీటిచ్చింది. పక్కనున్న కుర్రాడు కూడా లేచి "అంకుల్, ఆప్ భీ బైఠియే" అన్నాడు. ఆ అంకుల్ ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

పెన్షన్ ఇచ్చే బ్యాంకు ఏ శాఖలోనైనా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. మేం వెళ్లిన శాఖలో కౌంటరు దగ్గరి యువకుడు నాన్నగారిని చూడకుండా నన్నడిగాడు, "ఈయన సంతకం పెట్టగలరా?" అని. నేను నోరు తెరిచేలోపే నాన్నగారు తన పీపీఓ నంబరు పన్నెండు అంకెలూ తడుముకోకుండా అప్పజెప్పారు. సంతకం పెట్టి, "రసీద్ దీజియే" అన్నారు. రసీదు ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అది నాకు తెలుసు. అడిగింది మాత్రం ఆయన.

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఒకప్పుడు నా కౌంటరు దగ్గరికి వచ్చిన ఒక మామ్మగారిని వదిలేసి, "మామ్మగారికి ఏం కావాలి బాబూ?" అని ఆవిడ మనవణ్ణి అడిగాను. ఖాతా ఆవిడది. ప్రశ్న మనవడికి. ఆ రోజు ఆవిడ ముఖం ఎలా ఉందో నేను చూడనేలేదు. ఈసారి నాన్నగారి ముఖంలో చూశాను.

1982లో సరిగ్గా ఇదే తేదీన నకారా కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ దయతో ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అంది. హక్కు కోర్టు ఇచ్చింది. మర్యాద ఇవ్వాల్సింది కౌంటరులో ఉన్న మనం. 70 దాటినవారికి ఇంటి దగ్గరే సేవలందించే ఏర్పాటు చేయమని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. రాలేనివారి ఇంటికి తప్పకుండా వెళ్దాం. రావాలనుకునేవారికి కుర్చీ వేద్దాం. వారికి ఏది కావాలో మాత్రం వారినే అడుగుదాం, పక్కనున్న కొడుకును కాదు. నేను కొడుకుగా చేసిన పొరపాటు కూడా అదే.

అన్నట్టు, ఆ రోజు వరుసలో ఒక రైల్వే పెన్షనరు పరిచయమయ్యారు. మా పక్క సొసైటీలోనే ఉంటారట. రైళ్లలో తపాలా పెట్టెల గురించి ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఇప్పుడు రోజూ పదకొండింటికి పార్కులో ఎండకు కూర్చుంటున్నారు. ఆయనకు తెలుగు రాదు, నాన్నగారికి హిందీ అంతంతమాత్రం. కబుర్లకు మాత్రం లోటు లేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ అడిగింది, "ఇంతకీ బతికే ఉన్నారటనా?" అని.

నాన్నగారు జేబులోంచి కాగితం తీసి చూపించారు. "ఉన్నాను. రసీదు కూడా ఇచ్చారు."