ఆడింది అంతంతమాత్రం, నేర్పడంలో దిట్ట

అమెరికాలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు నాకు బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. అందులో ఛార్లీ లౌ గారి సంగతి చెబుతాను.

1956 నుంచి 1967 దాకా ఆయనకు బదిలీల మీద బదిలీలు: డెట్రాయిట్, మిల్వాకీ, బాల్టిమోర్, కాన్సాస్ సిటీ, అట్లాంటా. 11 సీజన్లలో కొట్టింది 16 హోమ్‌రన్‌లు. (మన సిక్సర్ల వంటివనుకోండి.) బ్యాటింగ్ సగటు .255, అంటే నాలుగింట ఒక హిట్టు.

తరువాత కాన్సాస్ సిటీ రాయల్స్‌కు బ్యాటింగ్ కోచ్ అయ్యారు. 1974లో జార్జ్ బ్రెట్ అనే కుర్రాడు సగం సీజన్ అయినా .200 దగ్గరే తడబడుతున్నాడు. లౌ గారు అతని తీరే మార్పించారు. బరువు ముందు వెనక్కాలి మీద, ఆపైన ముందుకు. తల బంతి మీదే. ఆ ఏడు .282తో ముగించాడు. 1976లో .333తో లీగ్‌లో ప్రథముడు!

నేను గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నా దగ్గర నోటు రాయడం నేర్చుకున్న కుర్రాడు నాకే అధికారిగా వచ్చాడు. మనసు చివుక్కుమంది, దాచను.

లౌ గారు 1984లో కన్నుమూశారు. బ్రెట్ 1999లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. అది చదివాక మా కుర్రాడికి ఫోన్ చేశాను.

"గురువుగారూ, మీరు ఎర్రసిరాతో కొట్టేసిన నా మొదటి నోటు దాచుకున్నానండీ" అన్నాడు.