మిగిలిపోయినవారి లెక్క
(షోలాపూర్ కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగం)



2021 అక్టోబరు 21న దేశంలో కోవిడ్ టీకా నూరు కోట్ల డోసులు దాటింది. చిన్న విషయం కాదు. ఒక టీకా మన పక్కనున్న పూణెలో, మరొకటి హైదరాబాదులో తయారైంది. కాని అది పడిన డోసుల లెక్క. పడనివాళ్ళ లెక్క ఎవరడిగారు?

ఆ ఏడాది మే 1న 18 ఏళ్ళు దాటినవారికి టీకా తెరిచారు. 45 లోపువాళ్ళు ముందు కోవిన్‌లో నమోదు కావాలి. స్మార్ట్‌ఫోను లేని సాంచా కార్మికుడు, కండెలు చుట్టే అక్క ఏం చెయ్యాలి? మే 31న సుప్రీంకోర్టు కూడా ఇదే నిలదీసింది. జూన్ 21 నుంచి కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇచ్చింది. ప్రైవేటు ఆసుపత్రిలో మాత్రం కోవిషీల్డ్ 780 రూపాయల దాకా.

సరే, సర్కారు దవాఖానాలో ఉచితమే. పీసు రేటు మీద బతికేవాడికి లైనులో పోయిన పాళీ ఉచితమా? మర్నాడు జ్వరమొస్తే ఆ కూలి ఎవరిచ్చారు?

కోవిన్ లెక్కల్లో జిల్లా, వయసు, ఆడామగా కనిపించేవి. మనిషి చేసే పని కనిపించేది కాదు. రెండు గల్లీలున్నాయనుకోండి. ఒకదాంట్లో నూటికి తొంభైమందికి పడింది, రెండోదాంట్లో ముప్ఫైమందికే. జనం సమానమైతే సగటు అరవై అంటారు. అరవై అనే గల్లీ ఎక్కడుంది? ఆ రెండు గల్లీల మధ్య తేడా ఎంతో, అది తగ్గుతోందా పెరుగుతోందా, అదీ న్యాయానికి కొలత.

ఇది కొత్త విద్యేమీ కాదు. పల్స్ పోలియో రోజుల్లో ఇంటింటికీ వచ్చి గోడమీద సుద్దతో గుర్తు పెట్టేవారు, గుర్తుందా? పిల్లలందరికీ చుక్కలు పడితే ‘పి’, ఎవరైనా మిగిలితే ‘ఎక్స్’. మళ్ళీ వచ్చేది ఎక్స్ ఇంటికే. 2014 మార్చిలో దేశం పోలియో లేనిదైంది. కోవిడ్‌కు ఇంటింటికీ తిరగడం 2021 నవంబరులో గాని దేశమంతటా మొదలు కాలేదు. అప్పటికి ఎన్ని ఇళ్ళల్లో ఏడుపులు అయిపోయాయో మీకు నేను చెప్పాలా?

రేపు మరో జబ్బు వస్తే మున్సిపాలిటీ ముందు పెట్టడానికి మన చేతిలో కాగితముండాలి. అందుకే ఒక రిజిస్టరు తెచ్చాను. పేరు, గల్లీ, ఏ పాళీ, ఫోను ఉందా, ఏ టీకా మిగిలింది, ఎందుకు మిగిలింది. ఆ చివరి గడి ఖాళీగా వదలొద్దు. గల్లీకి ఇద్దరు కావాలి, అందులో ఒకరు ఆడవాళ్ళు. సభ ముగిసేలోగా పేర్లు ఇవ్వండి.