ఆదిత్య 369: కథ విప్పని నాలుగు మాటలు



నేటి ప్రసంగమునకు విషయము ఒక తెలుగు చలనచిత్రము. దాని పేరు ‘ఆదిత్య 369’. 1991వ సంవత్సరము జూలై 18వ తేదీన విడుదలయైన ఈ చిత్రము, 4కె అను నవీనపద్ధతిని శుభ్రపఱుపబడి, 2025 ఏప్రిలు 4వ తేదీన మరల ప్రదర్శనశాలలకు వచ్చినది. ఆ సందర్భమున దీనిని సికింద్రాబాదులో ఒక ప్రదర్శనశాలలో చూచితిని. తొలి విడుదలనాడు యువకులై చూచినవారు నేడు తలలు నెరసి, మనుమలను వెంటబెట్టుకొని వచ్చియుండిరి. ఆ మనుమలకిది క్రొత్త చిత్రమే. మీలోను దీనిని చూడనివారు పెక్కుమంది యుందురు. కావున నేను కథ చెప్పను. కథానాయకుడు ఒక కాలయంత్రము నెక్కి శ్రీకృష్ణదేవరాయల కాలమునకును, పిదప భావికాలమునకును పోవునని ప్రకటనపత్రములే చాటినవి. అంతవఱకే నేనును చెప్పెదను.

కథ చెప్పకుండ చిత్రమును గూర్చి చెప్పుట యెట్లని మీరడుగవచ్చును. సంప్రదాయమున చదువుకొన్నవారికి ఈ ప్రశ్న మఱింత బలముగా తోచును. మనకు కథను దాచు నలవాటు లేదు. తోలుబొమ్మలాటకు పోవువారిలో రావణుడు చచ్చునని యెఱుగనివా డొక్కడును లేడు. హరికథకు కూర్చున్న ముసలమ్మకు దాసుగారికంటె ముందుగనే కథ తెలియును. తెలిసినందున రసమునకు కొఱత రాలేదు. పైగా సీతమ్మ కష్టములు గట్టెక్కునని తెలిసియే కన్నీరు కార్చుట మనవారికి పరిపాటి. అట్లగుచో ఈ చిత్రకథను దాచనేల?

దీనికి సమాధానము రసభేదమున నున్నది. కరుణరసమునకు స్థాయి శోకము; అద్భుతరసమునకు స్థాయి విస్మయము. శోకమును పదిమారులు నెమరు వేసినను తఱుగదు. విస్మయ మట్టిది కాదు. అది మొదటిసారి కలిగినట్లు మఱల కలుగదు. ఈ చిత్రమున ప్రధానరసము అద్భుతము. 1991లో నాకు లభించిన విస్మయమును నేననుభవించితిని. నేటి బాలునకు లభింపవలసినదానిని ముందుగ చెప్పి చెఱచుటకు నాకు హక్కు లేదు. నేను చూచిన ప్రదర్శనమున, విరామసమయమందు ఒక యువకుడు ప్రక్కనున్న చిన్నవానికి తరువాతి కథ చెప్పబోయెను. ఆ పిల్లవాని నాయనమ్మ, “నువ్వు చూసినవు గద బిడ్డా, వాణ్ణి గూడ చూడనియ్యి” అని మెల్లగా వారించెను. అలంకారశాస్త్రము చదువని ఆమె చెప్పిన ఆ మాట నాకు శాస్త్రసమ్మతముగనే తోచినది.

ఇక చిత్రమును గూర్చి. దీనికి దర్శకుడు శ్రీ సింగీతము శ్రీనివాసరావుగారు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో 1931లో జన్మించిన వీరు కె. వి. రెడ్డిగారి శిష్యులు, 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమునకు వారికడ సహాయకులుగా పనిచేసిరి. ఆ చిత్రమున ప్రియదర్శిని యను పెట్టె యొకటి కలదు. దాని మూత తెఱచి చూచువారికి తమకు ప్రియమైనది కనబడును. అది పనిచేయు విధమెట్టిదని ప్రేక్షకు లెవ్వరును అడుగరు. అది దివ్యవస్తువు, అంతటితో సరి. భాగవత నవమస్కంధమున కకుద్మి కథయు నిట్టిదే. ఆ రాజు తన కూతురైన రేవతికి తగిన వరుడెవ్వడో యడుగుటకు ఆమెతో బ్రహ్మలోకమున కేగి, అచ్చట గానము ముగియువఱకు కొంతతడవు నిలిచెను. ఇంతలో భూలోకమున ఇరువదియేడు మహాయుగములు గడచిపోయెను. కాలము ఒక్కొక్కచోట నొక్కొక్క తీరున నడచునను భావన మనకు క్రొత్త కాదనుటకు ఈ కథ చాలును.

అయినను కకుద్మి కథను విజ్ఞానకల్పన యనరాదు. 1895లో ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్స్ కాలయంత్రమును గూర్చి నవల వ్రాసినప్పుడు ప్రవేశపెట్టిన భేదము యంత్రము. వరము పాత్రాపాత్రముల నెంచును. యంత్ర మెంచదు. మీట త్రిప్పినవాడు పండితుడా, పసివాడా, దొంగయా యని అది యడుగదు. వరము చెడదు, యంత్రము చెడును. కావుననే యంత్రముగల కథలో, దీని నెవరు చేసిరి, ఎవరి చేతిలో పడును, నడుమ ఆగిపోయినచో గతి యేమి యను ప్రశ్నలు పుట్టును. సింగీతమువారు ఈ భేదమును చక్కగ గ్రహించిరి. వీరి యంత్రమునకు నియమము లున్నవి. ఆ నియమములను మొదట మనకు తెలియజెప్పి, పిదప వానికి కట్టుబడియే కథ నడపిరి. చిత్రమున నాకు మిక్కిలి నచ్చిన గుణమిది.

ఇందు శాస్త్రమెంత, కల్పన యెంత యని విద్యార్థులు అడుగవచ్చును. చలించు గడియారము మెల్లగా నడచునని 1905లో ఐన్‌స్టయిన్ గణితముచేత చూపెను. 1971లో పరమాణు గడియారములను విమానములలో భూమిచుట్టు త్రిప్పి, నేలమీది గడియారములతో పోల్చి చూడగా, సెకనులో అత్యల్పభాగమైనను భేదము గణితము చెప్పినట్లే కనబడినది. కావున భావికాలమువైపు లవలేశము ముందుగ జరుగుట సత్యమే. గతమునకు మరలిపోవుట మాత్రము నేటికిని కల్పనయే. ఆ కల్పననే ఈ చిత్రము గ్రహించినది.

అది మనలను కొనిపోవునది 1526వ సంవత్సరపు విజయనగరమునకు. రాయలు రాజ్య మేలినది 1509 మొదలు 1529 వఱకు. 1520 ప్రాంతమున ఆ నగరమును దర్శించిన డొమింగో పేయిస్ అను పోర్చుగీసువాడు రాయలను కన్నులార చూచి వ్రాసినాడు. రాజు నడితరపు పొడవువాడనియు, ముఖమున మశూచికపు మచ్చలు కలవాడనియు, తెల్లవారకముందే లేచి నువ్వులనూనె త్రాగి, బరువులెత్తి, కత్తిసాము చేయుననియు అతని వ్రాతవలన తెలియును. చిత్రములోని రాయలు ఈ వర్ణనమునకంటె మన జనుల భావనలోని రాయలకే దగ్గరివాడు. తెనాలి రామకృష్ణుని విషయమును అట్లే. అతని పాండురంగమాహాత్మ్యము విరూరి వేదాద్రికి అంకితము. అతడు రాయల సభలోనివాడు కాడని తలచు పండితులును కలరు. అయినను చలనచిత్రము జనశ్రుతిని పాటించుట తప్పుకాదు. 1956లో ‘తెనాలి రామకృష్ణ’యందును, 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’నందును నందమూరి తారకరామారావుగారు ధరించిన రాయల వేషమును ఇందు వారి కుమారులు బాలకృష్ణగారు ధరించిరి. నేటి యువకుని పాత్రయును వారిదే. జంధ్యాలగారి సంభాషణలలో వీథిభాషయు సభాభాషయు ప్రక్కప్రక్కన నిలిచినవి. సభాభాష వినబడినప్పుడు పిల్లలు ఎగతాళి చేయుదురేమో యని నేను శంకించితిని. వారు చేయలేదు, చెవియొగ్గి వినిరి. తెలుగు చెప్పి బ్రదికినవాడను గనుక నాకిది చిన్న సంగతిగా తోచలేదు.

చిత్రమున లోపములు లేవని చెప్పను. భావికాలపు అలంకరణములు కొన్ని నేటి కన్నులకు అట్టలతో చేసిన బొమ్మలవలె కనబడును. హాస్యము అచ్చటచ్చట అవసరమునకు మించినది. కాని కంప్యూటరుచేత లోకములనే సృష్టించు నేటి సౌకర్యము ఆనాడు లేదు. ఉన్న సాధనములతో నిర్మాత శివలెంక కృష్ణప్రసాదుగారును, పి. సి. శ్రీరామ్, వి. ఎస్. ఆర్. స్వామి, కబీర్‌లాల్ అను మువ్వురు ఛాయాగ్రాహకులును చేసిన పని మెచ్చదగినది. క్రొత్త ప్రతియందు ఇళయరాజాగారి సంగీతము మిక్కిలి స్పష్టముగ వినబడినది.

అన్నిటికంటె నన్ను కదలించినది వేఱొకటి. 1526కును 1565కును నడుమ ముప్పదితొమ్మిది యేండ్లే. 1565లో రాక్షసతంగడి యుద్ధము జరిగెను. పిదప విజయనగరము పాడువడెను. తెరమీద సభ దేదీప్యమానముగ వెలుగుచుండగా, హంపి శిథిలములను చూచివచ్చిన ప్రేక్షకునకు ఆ గోడల గతి తెలిసియే యుండును. సభలోనివారికి తెలియదు. మన కాలమునుండి అచ్చటి కేగినవాడు ఎట్టివాడైనను, ఆ యెఱుకను మోసికొనియే నిలువవలయును. చెప్పవచ్చునా? చెప్పినచో నమ్ముదురా? నమ్మినచో నేటి వారి సంతోషమేమగును? చిత్రము వీనికి సమాధానము చెప్పునో చెప్పదో నేననను. ఈ ప్రశ్నలు మనస్సున మెదలినప్పుడు, అద్భుతము ప్రక్కనే మన పాతచుట్టమైన కరుణము వచ్చి కూర్చుండునని మాత్ర మనెదను. తెలియనిదానివలన విస్మయము, తెలిసినదానివలన జాలి, రెండును ఒక్క దృశ్యముననే కలుగుట ఈ జాతి కథలకే సాధ్యము.

చిత్రమును ముందుగ చూచినవాడును చూడనివారి నడుమ నిట్టి యాత్రికుడే. తుదివఱకు ఎఱిగినవాడు ఎఱుగనివారితో మెలగుటకు ఓర్పు కావలయును. కావున శ్రోతలారా, మీరు దీనిని మునుపే చూచియున్నచో, చూడని పిల్లనో పిల్లవానినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని మఱొకసారి చూడుడు. వారు ప్రశ్నించినచో, “చూడు, తెలియును” అని మాత్రము చెప్పుడు. తెరనే కాక వారి ముఖమును గూడ అప్పుడప్పుడు చూచుచుండుడు. సెలవు.