ఆసుపత్రి నర్సుల మనస్సు ఏల మాడిపోవుచున్నది?
(నగర్తపేటలోని సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన నగర్తపేటకు విక్టోరియా ఆసుపత్రి నడచిపోదగినంత దూరముననే యున్నది. అది 1900వ సంవత్సరమున తెరువబడినది. ప్రక్కనున్న వాణీవిలాస ఆసుపత్రి 1935లో వెలసినది. తరతరములుగా ఇచ్చట నిలిచిన తెలుగు కుటుంబములలో ఆ గడపలు త్రొక్కనివి అరుదు. నేడు ప్రైవేటు ఆసుపత్రులకు పోవువారును అనేకులు. ఏ ఆసుపత్రినుండి తిరిగివచ్చినను, మనము చెప్పుకొను మాటలు రెండు. “డాక్టరుగారు దేవునివంటివారు” అనునది మొదటిది. “ఆ నర్సు మాత్రము కసరుకొన్నది” అనునది రెండవది. రాత్రియంతయు మంచము ప్రక్కన నిలిచిన ఆ మనిషి ఏల కసరుకొన్నదో మనము విచారింపము. నేడు ఆ విచారణకే మీ అనుమతి వేడుచున్నాను.

శరీరము అలసిన నిద్ర తీర్చును. నిద్రకును తీరని అలసట యొకటి కలదు. దానిని “బర్నౌటు” అందురు. 1974లో న్యూయార్కు నగరమున హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వవేత్త, ఉచిత వైద్యశాలలో సేవచేయువారిని చూచి దీనిని వర్ణించెను. మిక్కిలి శ్రద్ధతో పనిలో దిగినవారికే ఈ ప్రమాదము ఎక్కువయని ఆయన గుర్తించెను. చమురు ఇంకిన ప్రమిదలో వత్తియే కాలిపోవుట మనమెరిగినదే గదా!

1981లో క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ అను విదుషీమణులు దీనిని కొలుచుటకు 22 ప్రశ్నల పట్టికను ప్రకటించిరి. వారు చూపిన లక్షణములు మూడు. ఇతరులకు పంచుటకు మనస్సులో ఏమియు మిగులకుండుట మొదటిది. ఎదుటివానిని మనిషిగా గాక వస్తువుగా చూచుట రెండవది. ఎంత చేసినను తానేమియు సాధింపలేదను నిరాశ మూడవది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వ్యాధిగా గాక, పనిచోటున సరిదిద్దబడని దీర్ఘకాలపు ఒత్తిడి ఫలితముగా వివరించినది. కావున మందు రోగికి వలె నర్సునకు ఇచ్చిన చాలదు. పనిచోటును చక్కబెట్టవలెను.

మనకు కసరుగా తోచునది తరచుగా ఆ రెండవ లక్షణమే. 1960లో ఇసబెల్ మెంజీస్ అను పరిశోధకురాలు లండనులోని ఒక బోధనాసుపత్రి నర్సులనుగూర్చి వ్యాసము ప్రకటించెను. అచ్చట రోగిని పేరుతో గాక మంచము సంఖ్యతోను, చెడిన అవయవముతోను పేర్కొను అలవాటుండెను. బాధను, మరణమును దినదినము తాకుచుండు మనస్సు తన్ను కాపాడుకొనుటకు కట్టుకొన్న గోడ అది యని ఆమె తేల్చెను. ఆ గోడ భయమును పోగొట్టలేదు సరికదా, రోగిని ఆదరించుటలోని తృప్తినిగూడ నర్సునకు దూరము చేసినది.

గోడకు పునాదులు పెక్కు. లోపల దుఃఖము పొంగుచున్నను ముఖమున చిరునవ్వు నిలుపుట యొక పని. ఒక మంచముపై ప్రాణము పోగా, మరునిముషమున ప్రక్క మంచమువారికి ధైర్యము చెప్పవలెను. బంగారమును గురిగింజ యెత్తున తూచిన పేట మనది. ఈ శ్రమను తూచు త్రాసు మాత్రము ఏ ఆసుపత్రిలోను లేదు. అంతకంటె కఠినమైనది మరియొకటి కలదు. చేయవలసినదేమో తెలిసియుండియు, చేయుటకు వీలులేని స్థితి అది. కదలలేని ముసలివానిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెనని ఆమెకు తెలియును. కాని వార్డులో ఆమె ఒక్కతె. ఇట్టి వేదనకు 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అను నీతిశాస్త్రజ్ఞుడు “నైతిక క్లేశము” అని అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆమె మనస్సాక్షి బలమైనదగుటచేతనే ఆ వేదన.

పండుగ దినములలో ఒక్క గుమాస్తా పదిమంది బేరగాండ్రకు చీరలు చూపవలసివచ్చిన, సాయంకాలమునకు అతని మాట ఎట్లుండునో ఇచ్చటి వర్తకులకు చెప్పనక్కరలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు 168 ఆసుపత్రులను లిండా ఐకెన్, ఆమె సహచరులు పరిశీలించి 2002లో ఫలితములను ప్రకటించిరి. నర్సునకు ఒక్క రోగి అధికమైనకొలది, ఆమె బర్నౌటునకు లోనగు సంభావ్యత 23 శాతమును, శస్త్రచికిత్స పొందిన రోగి 30 దినములలో మరణించు సంభావ్యత 7 శాతమును పెరిగినట్లు తేలినది. నర్సు అలసట ఆమె సొంత కష్టము మాత్రమే కాదు, మంచముపై నున్న మన తండ్రి ప్రాణమునకు సంబంధించినది.

జీతము సంగతియు మరువరాదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశముపై ఏర్పడిన సంఘము, 50 పడకలకు లోపలగల ప్రైవేటు ఆసుపత్రులలోగూడ నర్సునకు నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసినది. అమలు భారము రాష్ట్రములపై మోపబడినది.

2020లో విక్టోరియా ఆసుపత్రి కోవిడ్ రోగులకు ప్రత్యేకింపబడినది. ఆ మార్చిలో దేశమంతట జనులు పళ్ళెములు మ్రోగించి వైద్యసేవకులను కొనియాడిరి. ఆ దినములలోనే పెక్కు నగరములలో ఇంటి యజమానులు డాక్టర్లను, నర్సులను గదులు ఖాళీచేయుమనిరి. చప్పట్లు విన్న చెవులతోనే ఆ మాటయు విన్నవారి మనస్సు ఎట్లుండునో ఊహింపుడు.

ఇచ్చటి నర్సులలో కేరళమునుండి, ఈశాన్య రాష్ట్రములనుండి, మన ఆంధ్రదేశమునుండి వచ్చి హాస్టళ్ళలో నివసించువారు కలరు. పరభాషా ప్రాంతమున బ్రతుకుట ఎట్టిదో మన పెద్దలకు తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? అటు అనంతపురము, చిత్తూరు, కోలారు ప్రాంతములనుండి వచ్చు తెలుగు రోగి తన నొప్పిని చెప్పలేడు. ఇటు నర్సు గ్రహింపలేదు. ఇరువురకును విసుగు పుట్టును. కన్నడము, తెలుగు రెండును వచ్చిన మన యువకులు, ఆసుపత్రివారి అనుమతితో వారమునకు రెండు గంటలు మాట సాయము చేసిన, ఆ విసుగులో కొంత తగ్గును.

ఇంటిల్లిపాదియు విడివిడిగా పోయి ఒకే ప్రశ్న అడుగుటకు బదులు, ఒక్కరే కాగితముపై వ్రాసికొని అడుగుట మేలు. “సిస్టర్” అని పిలుచునప్పుడు ఆ మాటకు తోబుట్టువని అర్థమున్నట్లు జ్ఞప్తియుంచుకొందము. మన యింటి కోడలే నర్సయినచో, రాత్రి డ్యూటీ ముగించి వచ్చిన ఆమెకు వంటింటికి ముందు పడకను చూపవలెను. మనస్సు కలతపడినవారు 14416 నంబరునకు ఫోను చేయవచ్చును. 2022లో మొదలైన ఈ టెలి-మానస్ సేవకు మన నిమ్హాన్స్ ప్రధాన కేంద్రము. తెలుగులోను, కన్నడములోను ఉచితముగా మాటలాడుదురు.

అయినను, మంచి మాట నర్సుల సంఖ్యను పెంచదు. ఇకమీదట ఆసుపత్రిని ఎంచుకొనునపుడు గది అద్దెతోపాటు, రాత్రివేళ ఒక్క నర్సునకు ఎందరు రోగులో గూడ అడుగవలెనని మిమ్ము ప్రార్థించుచున్నాను. అడుగువారు పదుగురైన, సమాధానము చెప్పవలసిన బాధ్యత వారికి కలుగును.