పిల్లల్ని ఎత్తుకుపోయింది ఎవరు? రోమా పిల్లలు, స్టూవర్టుపురం, ఒక వాట్సాప్ ఫార్వర్డ్

ఈ రోజు టాపిక్ కొంచెం దూరంగా మొదలవుతుంది, యూరప్‌లో. కానీ మన బాపట్ల పక్కకే వచ్చి ఆగుతుంది. ఓపికగా వినండి.

ముందు ఒక చిన్న ఆట. నేను కొన్ని మాటలు చెప్తాను, ఏ భాషో ఊహించండి. ఎఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్. హిందీ అనుకున్నారా? లేకపోతే మన లంబాడీ తండాల్లో మాటలా? ఇంకో మూడు వినండి. పానీ అంటే నీళ్ళు, నఖ్ అంటే ముక్కు, మనుష్ అంటే మనిషి. ఇది రొమానీ. యూరప్‌లో రోమా అనే జనం మాట్లాడే భాష. ఇంగ్లీషు సినిమాల్లో 'జిప్సీలు' అని చూపిస్తారే, వాళ్ళే. ఆ పేరు వాళ్ళలో చాలామందికి నచ్చదు కాబట్టి నేను రోమా అనే అంటాను.

వీళ్ళ పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కింద మన దేశపు ఉత్తర భాగం నుంచి బయల్దేరారు. దీన్ని పట్టించింది భాషే. డీఎన్ఏ పరీక్షలు చాలా తర్వాత వచ్చాయి. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, రొమానీలో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు మనవి, ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం గ్రీకువి. అంటే నడిచొచ్చిన దారి అంకెల్లో అలా మిగిలిపోయింది. కోడ్‌లో పాత కామెంట్లు ఎవరూ తీసేయకుండా మిగిలిపోతాయి చూడండి, అలాగన్నమాట.

ఇప్పుడు యూరప్‌లో వీళ్ళు కోటి మందికి పైనే ఉంటారు. రుమేనియా ప్రాంతంలో 1856 దాకా బానిసలుగా ఉన్నారు. హిట్లర్ కాలంలో యూదులతో పాటు వీళ్ళనీ చంపారు. ఇదంతా ఒక పెద్ద ఎపిసోడ్, ఎప్పుడైనా చేద్దాం. ఈ రోజు పిల్లల గురించి మాత్రమే.

రోమా వాళ్ళ మీద యూరప్‌లో వందల ఏళ్ళుగా ఒక మాట ఉంది. 'వీళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోతారు' అని. ఎక్కడో విన్నట్టుంది కదా? మనం అన్నం తినకపోతే అమ్మలు ఏం చెప్పేవాళ్ళు? 'బుట్టలో పెట్టుకుని పోతార్రోయ్' అని. సేమ్ డైలాగ్.

2013 అక్టోబరులో గ్రీసులో ఒక రోమా కాలనీలో పోలీసులకి తెల్లటి జుట్టున్న చిన్న పాప కనిపించింది. ఇంకేముంది, ప్రపంచం మొత్తం టీవీల్లో 'కిడ్నాప్' అని హెడ్‌లైన్లు. అదే వారం ఐర్లండ్‌లో పోలీసులు రెండు రోమా కుటుంబాల నుంచి ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్ళిపోయారు. కారణం? జుట్టు రంగు తల్లిదండ్రులకి కలవలేదట. డీఎన్ఏ టెస్టు చేస్తే ఇద్దరూ సొంత పిల్లలే. తర్వాత ఐర్లండ్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. గ్రీసు పాప కన్నతల్లి ఎవరో తేలింది, ఆమె కూడా రోమానే, బల్గేరియాలో కడు బీదరాలు.

ఇప్పుడు రికార్డులు తిరగేసి చూద్దాం. అసలు ఎవరి పిల్లల్ని ఎవరు తీసుకెళ్ళారు? 1770ల్లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా, రోమా పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి వేరే ఇళ్ళలో పెంచమని ఆర్డర్ వేసింది. స్విట్జర్లాండ్‌లో యేనిష్ అనే సంచార జాతి ఉంది, రోమా కాదు కానీ బతుకు అలాంటిదే. 1926 నుంచి 1973 దాకా ఒక పేరున్న పిల్లల సంక్షేమ సంస్థ వాళ్ళ పిల్లల్ని సుమారు 600 మందిని లాక్కెళ్ళింది. 1973 అంటే మా నాన్న స్కూల్‌కి వెళ్తున్న రోజులు. సంక్షేమం పేరుతోనే జరిగింది ఇదంతా.

సరే, బాపట్లకి వద్దాం.

వైజాగ్ నుంచి చెన్నై వెళ్ళే రైల్లో బాపట్ల దాటాక, చీరాల రాకముందు ఒక చిన్న స్టేషన్ వస్తుంది. స్టూవర్టుపురం. ఆ పేరు వినగానే మీకు గుర్తొచ్చేది నాకు తెలుసు. 1991లో చిరంజీవి సినిమా, 2023లో రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు'. ఆ టీజర్ తమని కించపరిచేలా ఉందని విషయం హైకోర్టు దాకా వెళ్ళింది కూడా. అయితే ఆ ఊరు ఎలా పుట్టిందో సినిమాలు సరిగ్గా చెప్పవు.

బ్రిటిష్ వాళ్ళు 1871లో ఒక చట్టం తెచ్చారు, క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. ఒక కులంలో పుడితే చాలు, నువ్వు నేరస్తుడివి. నేరం చేయక్కర్లేదు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన కోస్తాకి కూడా వర్తింపజేశారు. మన దగ్గర ఎక్కువగా దెబ్బ తిన్నది ఎరుకల వాళ్ళు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వీళ్ళ మీద ఒక పుస్తకం రాశారు. ఆమె చెప్పేదేంటంటే, వీళ్ళు అంతకుముందు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన వ్యాపారులు. రైలొచ్చింది, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, బిజినెస్ పోయింది. బిజినెస్ పోయినా తిరగడం మానలేదు కాబట్టి, అనుమానం వచ్చింది. ఆ అనుమానమే చట్టమైంది. తిరిగేవాడంటే గవర్నమెంటుకి ఎప్పుడూ పడదు కదా, అడ్రస్ ఉండదు, పన్ను వసూలు కాదు.

1913, 14 ప్రాంతంలో ఆ ఎరుకల కుటుంబాలని తీసుకొచ్చి ఒక చోట పెట్టి, ఆ సెటిల్‌మెంట్‌కి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. నడపడానికి ఎవరికి ఇచ్చారు? సాల్వేషన్ ఆర్మీకి. ఇది క్రైస్తవ సేవా సంస్థ. దీన్ని ఇండియాకి తెచ్చినాయన ఫ్రెడరిక్ బూత్ టక్కర్. మామూలు మనిషి కాదు ఈయన. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి, 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టుకుని, చెప్పుల్లేకుండా తిరిగి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. ఐటీ జాబ్ మానేసి వీడియోలు చేస్తున్నానని మా ఇంట్లో జరిగిన గొడవే గొడవ. మరి వాళ్ళింట్లో ఏం జరిగి ఉంటుందో!

ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే దీన్ని 'అంతా మంచి', 'అంతా చెడు' అని తేల్చేస్తే తప్పు. అప్పటిదాకా పోలీసుల చేతిలో చావుదెబ్బలు తిన్న వాళ్ళకి అక్కడ ఇల్లు, కొంత భూమి, మందు, బడి దొరికాయి. ఆ జాతిలో మొదటి తరం చదువులు అలాగే వచ్చాయి. ఊళ్ళో ఈ రోజుకీ చర్చి ఉంది, అక్కడి చాలా కుటుంబాలకి అది సొంత చర్చి, బయటివాళ్ళది కాదు. ఇదంతా నిజం.

ఇంకోవైపు కూడా నిజమే. పేరు రిజిస్టర్లో ఉన్నవాడు హాజరు పలకాలి. పాస్ లేకుండా ఊరు దాటితే శిక్ష. చీరాలలో పొగాకు కంపెనీ ఐఎల్‌టీడీకి కూలీలు కావాలి, ఆ కూలీలు ఈ సెటిల్‌మెంట్ నుంచే వెళ్ళారు. పారిపోలేని కూలీ కంటే కంపెనీకి ఇంకేం కావాలి చెప్పండి? అన్నిటికంటే నన్ను ఆపేసింది ఆ 1911 చట్టంలోనే ఉన్న ఇంకో సెక్షన్. ఈ జాతుల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి స్కూళ్ళలో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. మళ్ళీ అదే! మరియా థెరీసా చేసిన పనే. పిల్లల్ని ఎత్తుకుపోతారని పేరు పడ్డ వాళ్ళ పిల్లల్నే చట్టం పెట్టి మరీ తీసుకెళ్ళొచ్చు.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. అందుకే ఆ జాతులు ఆగస్టు 31ని తమ విముక్తి దినంగా జరుపుకుంటారు. మనం ఆగస్టు 15న వాట్సాప్‌లో జెండా పెట్టుకుంటాం, వీళ్ళకి ఇంకో ఐదేళ్ళ పదహారు రోజులు పట్టింది. మచ్చ మాత్రం పోలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో కూడా, ఈ జాతుల వాళ్ళని పుట్టుకతోనే నేరస్తులుగా చూడటం గురించి మాట్లాడాల్సి వచ్చింది. 2024లో!

స్టూవర్టుపురంలో తర్వాత పనిచేసిన వాళ్ళలో హేమలతా లవణం గారు ఉన్నారు. మహాకవి జాషువా కూతురు. ఆమె, భర్త లవణం గారు 1970ల్లో అక్కడ పని మొదలుపెట్టారు. ఇద్దరూ నాస్తికులు. అదే ఊళ్ళో ముందు సువార్త, తర్వాత నాస్తికత్వం. ఆమె ఎరుకల ఇళ్ళకి వెళ్ళింది, ఆడవాళ్ళతో కూర్చుంది. రిజిస్టరు పట్టుకుని వెళ్ళలేదు. నాకు తేడా అక్కడే కనిపిస్తుంది, దేవుడి దగ్గర కాదు.

ఎందుకంటే చర్చి వాళ్ళు కూడా అలాగే చేస్తున్న చోటు ఒకటి ఉంది. స్లొవాకియాలో కొషిట్సె అనే ఊరు. మనలాగే స్టీల్ సిటీ. నేను ఉక్కునగరంలో పెరిగినవాడిని కాబట్టి ఆ ఊరి గురించి చదవడం మొదలుపెట్టిందే స్టీల్ ప్లాంట్ కోసం, చదువుతూ ఇటొచ్చి పడ్డాను. ఊరి చివర లునీక్ నైన్ అనే కాలనీ ఉంది, వేలమంది రోమా జనం, విరిగిన అపార్ట్‌మెంట్లు, కరెంటు, నీళ్ళు అంతంతమాత్రం. సలేసియన్ ఫాదర్లు 2008 నుంచి ఆ కాలనీ లోపలే ఉంటున్నారు. విజయవాడలో వీధి పిల్లల కోసం నవజీవన్ బాలభవన్ నడిపేది కూడా ఈ సలేసియన్లే. పిల్లలు సెంటర్‌కి వస్తారు, ఆడతారు, చదువుకుంటారు, మళ్ళీ అమ్మ దగ్గరికే పోతారు. 2021 సెప్టెంబరు 14న పోప్ ఫ్రాన్సిస్ ఆ కాలనీకే వెళ్ళారు.

పక్క దేశం చెక్‌లో ఇంకో స్టీల్ సిటీ, ఓస్ట్రావా. అక్కడ రోమా పిల్లల్ని బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల స్కూళ్ళలో పడేసేవాళ్ళు. మిగతా పిల్లలతో పోలిస్తే 27 రెట్లు ఎక్కువగా. 18 మంది పిల్లలు కేసు వేశారు, 2007లో యూరప్ మానవ హక్కుల కోర్టులో గెలిచారు. ఆ పిల్లల కోసం కోర్టుకి వెళ్ళడం కూడా సేవే అంటాను నేను.

ఇప్పుడు మన వైజాగ్. ఆర్కే బీచ్‌లో పూసల దండలు అమ్మే అమ్మాయిలని చూస్తారు కదా, చంకలో ఒక బిడ్డ. వాళ్ళలో నక్కల వాళ్ళు ఉంటారు, ఇంట్లో వాళ్ళు మాట్లాడే వాగ్రిబోలి గుజరాతీకి చుట్టం. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పోయిన నెల ఒక ఫోటో వచ్చింది. అలాంటి ఒక తల్లి, చేతిలో పాప. కింద 'పాప తెల్లగా ఉంది, డౌట్‌గా ఉంది, అందరికీ ఫార్వర్డ్ చేయండి' అని. గ్రీసు పాప, ఐర్లండ్ పిల్లలు, అదే లాజిక్, జుట్టు బదులు ఒంటి రంగు.

2018 మే నెల గుర్తుందా? 'పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది' అని రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫార్వర్డులు తిరిగాయి. పార్థీ అనేది కూడా బ్రిటిష్ వాళ్ళు ముద్ర వేసిన జాతే. గ్యాంగ్ లేదు, ఏమీ లేదు. అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ ఇండియాలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్లకి తగ్గించింది. మీ ఫోన్‌లో ఆ లిమిట్ ఉండటానికి వెనక శవాలు ఉన్నాయి. ఫీచర్ రిలీజ్ నోట్స్‌లో ఇలాంటివి రాయరు.

గ్రూపులో ఆ ఫోటో పెట్టిన అంకుల్‌కి నేను ఇదే చెప్పాను. 'అంకుల్, నిజంగా డౌట్ ఉంటే 1098కి కాల్ చేయండి, పిల్లల హెల్ప్‌లైన్, ఫ్రీ. ఫోటో మాత్రం తీసేయండి.' ఆయన తీశారు. కాల్ చేయలేదు. అంటే డౌట్ ఎంత ఉందో మీకే అర్థమైంది.

చాలామంది మెసేజ్ చేస్తుంటారు, 'అన్నా, ఏదైనా పిల్లల హోమ్‌కి డొనేట్ చేయాలి, ఏది మంచిది' అని. చర్చి వాళ్ళదా, మఠం వాళ్ళదా, ఎన్జీవోనా అని నేను చూడను. జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అది తప్పనిసరి. తర్వాత, ఈ పిల్లల అమ్మానాన్న ఎక్కడున్నారు, ఎప్పుడొచ్చి చూడొచ్చు, పండక్కి ఇంటికి పంపుతారా అని అడగండి. హోమ్‌లో పెట్టడం ఆఖరి దారి అని మన చట్టమే చెప్తుంది. ప్రార్థనకి వస్తేనే అన్నం అనేవాళ్ళకి నేనైతే రూపాయి ఇవ్వను, ఏ మతమైనా సరే. అమ్మకి పని చూపించి, బిడ్డకి పక్కనే బడి చూపించేవాళ్ళు ఉంటే, వాళ్ళకి ఇవ్వండి. అలాంటివాళ్ళ ఫోటోలు అంత బాగా రావు. పిల్లలు లైన్లో నిలబడి దండం పెట్టే ఫోటోలకే ఎక్కువ డబ్బులు పడతాయి, మనందరికీ తెలిసిందే.

వచ్చే వారం స్టూవర్టుపురం వెళ్తున్నాను, తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో చీరాల దాకా, అక్కడి నుంచి ఆటో. కెమెరా మొదటి రోజు బయటకి తీయను. అక్కడి వాళ్ళు ఓకే అంటే ఎపిసోడ్ ఉంటుంది, వద్దంటే ఉండదు.