చక్రవడ్డీ లెక్క మళ్లీ చేశాను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను కరెంటు గురించి మాట్లాడమన్నారు. దాదాపు ముప్పై ఏళ్లుగా సబ్‌స్టేషన్ల చుట్టూ తిరిగినవాణ్ని కాబట్టి అలా అడగడం న్యాయమే. కానీ మూడేళ్ల క్రితం, 52వ ఏట, దూరవిద్యలో ఎం.ఏ. అర్థశాస్త్రంలో చేరాను. మొదటి పరీక్ష రోజు నేను హాల్లోకి అడుగుపెట్టగానే పిల్లలు ఇన్విజిలేటర్ అనుకుని లేచి నిలబడ్డారు. నేను వెళ్లి వాళ్ల పక్క బెంచీలో కూర్చున్నాను. ఆ చదువులో దీర్ఘకాలిక ఆర్థికవృద్ధి అనే పేపరు ఒకటి ఉంది. దాని గురించే చెబుతాను, ఏమీ అనుకోకండి.

తొమ్మిదో తరగతిలో చక్రవడ్డీ చెప్పేటప్పుడు మన లెక్కల మాస్టారు ఒక కిటుకు నేర్పారు, గుర్తుందా? 72ను వడ్డీ శాతంతో భాగిస్తే అసలు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తెలుస్తుంది. మా ఇంట్లో అది అప్పుల లెక్కకు పనికొచ్చింది. ఎం.ఏ.లో దేశాల లెక్కకు పనికొచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత మొదటి మూడు దశాబ్దాల్లో మన దేశ ఉత్పత్తి ఏడాదికి సుమారు 3.5 శాతం పెరిగింది. జనాభా కూడా 2 శాతానికి పైగా పెరుగుతుండడంతో తలసరి మిగిలింది సుమారు 1.4 శాతం. ఆ వేగంతో మనిషి ఆదాయం రెట్టింపు కావడానికి దాదాపు 50 ఏళ్లు, అంటే మన బడి వయసంత కాలం పడుతుంది. 1960ల నుంచి ఎదుగుదల పట్టిన దక్షిణ కొరియాలో తలసరి వృద్ధి 6 శాతం దాకా ఉండేది. అంటే 12 ఏళ్లకే రెట్టింపు. ఆ వేగం 50 ఏళ్లు నిలిస్తే 18 రెట్లు. రాబర్ట్ లూకస్ 1988లో ప్రచురించిన వ్యాసంలో ఇలాంటి తేడాలనే ముందు పెట్టుకుని, వీటి గురించి ఆలోచించడం మొదలుపెడితే ఇక వేరే దాని మీదికి మనసు పోదన్నాడు. నాకూ అదే అయింది. ఇంట్లోవాళ్లను అడగండి.

ఇంజనీరుగా నాకున్న నమ్మకం ఒకటే. యంత్రాలు పెడితే, లైన్లు లాగితే దేశం ఎదుగుతుంది. రాబర్ట్ సోలో 1956లోనే దీనికి అడ్డం పడ్డాడు. ఊళ్లో మొదటి ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చే మార్పు పదోది తేదు. పైగా ఉన్నవాటికి అరుగుదల పెరుగుతూ పోతుంది. చివరికి కూడబెట్టిన డబ్బంతా మరమ్మతులకు, పాతవి మార్చడానికి, కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు పరికరాలు సమకూర్చడానికే సరిపోతుంది. ఈ సమీకరణాన్ని నేను పరీక్షలో చక్కగా సాధించి ఫెయిలయ్యాను. లెక్క మొత్తం రాశాను, దాని అర్థం ఒక్క ముక్క రాయలేదు.

మరుసటి ఏడాది 1957లో సోలో అమెరికా లెక్కలు తీశాడు. 1909 నుంచి 1949 వరకు అక్కడ పనిగంటకు ఉత్పత్తి దాదాపు రెట్టింపైంది. ఆ పెరుగుదలలో పెరిగిన యంత్రాల వాటా ఎనిమిదో వంతే. మిగతా ఏడు వంతులూ శేషం. దానికి సాంకేతిక ప్రగతి అని పేరు. మోజెస్ అబ్రమోవిట్జ్ మాత్రం అలాంటి శేషాన్ని మన తెలియనితనానికి కొలతగా చూడాలన్నాడు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే శేషంతోనే నేను ఉద్యోగం చేశాను. ఫీడరుకు పంపిన యూనిట్లలోంచి బిల్లయిన యూనిట్లు తీసేస్తే మిగిలేది శేషం. తీగలు వేడెక్కి పోయేది, కొక్కేలు వేసి లాగేది, ఆగిపోయిన మీటర్లు, మీటర్లు లేని వ్యవసాయ పంపుసెట్లు తోడింది, అన్నీ అందులోనే ఉంటాయి. నష్టం ఎక్కువ చూపిస్తే పైనుంచి చీవాట్లు. పంపుసెట్ల ఖాతాలో నాలుగు యూనిట్లు ఎక్కువ వేస్తే ఎవరూ అడగరు. నేనూ వేశాను. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి. ఆ కాగితాల మీద సంతకం నాది. ఆర్థికవేత్తలు సోలో శేషానికి పేరు పెట్టి ఊరుకోలేదు. చదువెంత, పనితనమెంత అని దాన్ని విప్పుతూ వచ్చారు. నేను పేరు పెట్టి ఊరుకున్నాను. కిందటేడు నా పరిధిలో కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టించి చూశాను. నేను రాస్తూ వచ్చిన అంకెలకూ అసలు వాడకానికీ పొంతన లేదు. పైకి రాశాను. జవాబు ఇంకా రాలేదు.

ఇంకొక్క మాట. పాల్ రోమర్ 1990లో చెప్పిన సంగతి మన బడి పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఒక ఊళ్లో పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో ఊరికి పనికిరాదు. మాస్టారి 72 కిటుకును మాత్రం తరగతిలో నలభై మందీ పట్టుకుపోయినా ఆయన దగ్గర తగ్గలేదు. అరిగింది సుద్దముక్కే. అందుకే జ్ఞానంతో వచ్చే ఎదుగుదల యంత్రంలా అరిగి ఆగిపోనక్కర్లేదు. రోమర్‌కు 2018లో నోబెల్ ఇచ్చారు.

అయితే ఆ కిటుకును మా అందరికన్నా ముందు పట్టుకున్నది ఒక అమ్మాయి. పేరు చెప్పను, మా బ్యాచ్‌కు తెలుసు. దసరా సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు, పెళ్లయిపోయింది. మేం మర్నాటికే ఆమె చోట్లో సర్దుకుని కూర్చున్నాం. ఈ ఉత్సవానికి పిలవడానికి మొన్న వాళ్ల ఊరు వెళ్లాను. ఇరవై ఏళ్లుగా డ్వాక్రా సంఘం పద్దులు ఆమే రాస్తోందట. వడ్డీలు కాలిక్యులేటర్ లేకుండా నోటితో వేసేస్తోంది. నా చదువు సంగతి చెబితే నవ్వి, "ఉద్యోగం ఉంది, పిల్లలు స్థిరపడ్డారు, ఈ వయసులో నీకెందుకయ్యా ఈ చదువు? నాకిస్తే పోయేదిగా" అంది.

నాకు జవాబు తట్టలేదు. ఆమె ఈ రోజు వచ్చింది, మూడో వరసలో కూర్చుంది. పదో తరగతి ప్రైవేటుగా కట్టడానికి దరఖాస్తు తెచ్చిస్తానన్నాను. లెక్కల పుస్తకం ముందు ఇవ్వమంది.